పులికి వెల ఎన్ని మేకలు?

(అసమాన పక్షాల ఆటలపై ఒక విమర్శ)

ఆటలు రెండు విధాలు. చదరంగంలో ఇరుపక్షాలకూ ఒకే బలగం, ఒకే నడక. మొదటి ఎత్తు ఎవరిదన్నది తప్ప వేరు తేడా లేదు. అష్టాచెమ్మలోనూ అంతే. ఇటువంటి ఆటలలో ‘ఇది న్యాయమైన ఆటేనా?’ అనే ప్రశ్న అంతగా పుట్టదు. రెండవ విధమైన ఆటలలో పక్షాలు పుట్టుకతోనే వేరు. ఒక పక్షంవారు కొద్దిమంది, కాని బలవంతులు. రెండవ పక్షంవారు అనేకులు, కాని బలహీనులు. తెలుగు పల్లెలలో అరుగులమీద, చెట్లకింది బండలమీద సుద్దతోనో బొగ్గుతోనో గీసికొని ఆడే పులి–మేక ఈ రెండవ విధానికి చెందినది. దీనినే కొన్నిచోట్ల పులిజూదం అంటారు. దక్షిణదేశంలోని అనేక దేవాలయాల నేలబండలమీద ఈ పటాలు చెక్కి ఉన్నవి.

నల్లమల అంచున ఉన్న కొల్లాపూరువంటి చోట ఈ ఆట పేరును వివరించనక్కరలేదు. అడవివైపు మందను తోలుకొనిపోయేవానికి పులి బలమేమిటో, మంద బలమేమిటో ఎవరూ నేర్పవలసిన పని లేదు. కాని ఆ రెండు బలాలనూ ఒకే తూకంలో పెట్టి, ‘ఒక పులికి ఇన్ని మేకలు సరి’ అని తేల్చినవాడెవడు? ఎట్లా తేల్చినాడు? ఈ ప్రశ్న పాతదే అయినా, కొత్త ఆటలు దీనిని మళ్లీ ముందుకు తెచ్చినవి.

పాత్ర ధరించి ఆడే ఆట

బల్లచుట్టూ కూర్చుండి ఆడే పాత్రపోషణ ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికనులు దీనిని 1974లో ప్రకటించినారు. ఇందులో ఒకరు కథను నడుపుతారు. మిగిలిన నలుగురైదుగురు తలా ఒక పాత్ర ధరించి ఆ కథలోకి దిగుతారు. తన పాత్ర ఏమి చేయదలచినదో ఆటగాడు నోటితో చెపుతాడు. అది నెగ్గినదీ లేనిదీ పాచిక చెపుతుంది. ప్రతి పాత్రకూ ఒక జాతి, ఒక వృత్తి ఉంటవి. మనిషి, మరుగుజ్జు, ఎల్ఫ్ మొదలైనవి పుస్తకంలో ఇచ్చిన జాతులు. 2024లో వచ్చిన నియమాలలో ‘రేస్’ అనే మాటను విడిచి ‘స్పీషీస్’ అనే మాటను వాడినారు. పుస్తకంలో లేని జాతిని ఆటగాళ్లు స్వయంగా కల్పించుకోవడం మొదటినుంచీ ఉన్న అలవాటు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. కొల్లాపూరు కళాశాల విద్యార్థులు నలుగురు ఈ ఆటకు కూర్చున్నారనుకొంటే, ముగ్గురు మనుషుల పాత్రలు తీసికొన్నారు. నాలుగవవాడు ‘నేను నల్లమల పులిని’ అన్నాడు. వానికి చీకటిలో చూపు ఉన్నది, ఒక్క దూకులో పదిహేనడుగులు పోగలడు, గోళ్లే ఆయుధాలు. కాని చేతులు లేవు. తాళం తీయలేడు, తాడు ముడివేయలేడు, ఊళ్లోకి అడుగుపెడితే జనం పారిపోతారు. ఈ పాత్రను ఒప్పుకొంటే తక్కిన ముగ్గురూ వాని వెనుక నడిచే మందగా మిగిలిపోతారా? లేక వాడే సగం ఆటలో మూలకు కూర్చుండవలసి వస్తుందా? ఒక మధ్యాహ్నమంతా నలుగురు పిల్లలు కలిసి ఆడుకొంటారా, లేక ఒకడు ఆడుతూంటే ముగ్గురు చూస్తారా అన్నది ఈ సమాధానంమీద ఆధారపడి ఉన్నది.

దీనికి సామాన్యంగా చెప్పే విరుగుడు వెల కట్టడం. చీకటిచూపుకు ఇంత, దూకుకు ఇంత, చేతులు లేనందుకు ఇంత తగ్గింపు అని అంకెలు వేసి, కూడి, మొత్తం మనిషి మొత్తంతో సరిపోతే జాతి సమతూకంగా ఉన్నదంటారు. ఈ పద్ధతి ఎంతవరకు సరియైనదో తేల్చడానికి పులి–మేక పటంకంటె మంచి ప్రయోగశాల లేదు. అందులో జాతులు రెండే, నియమాలు కొద్ది, ప్రతి విషయాన్నీ పలకమీద లెక్కపెట్టవచ్చు.

పటం లెక్క

ఎక్కువగా కనిపించే పటంలో పైన ఒక కొన ఉంటుంది. కొననుంచి నాలుగు గీతలు కిందికి విచ్చుకొంటూ పోయి, అడుగుగీతను చేరుతవి. వీటిని అడ్డంగా మూడు గీతలు ఖండిస్తవి. ఈ మూడూ త్రికోణానికి ఇరువైపులా కొంచెం బయటికి వస్తవి. వాటి చివరలను నిలువుగా కలిపితే ఒక దీర్ఘచతురస్రం ఏర్పడుతుంది. కూడళ్లు లెక్కిస్తే కొన 1, మూడు అడ్డగీతలమీద ఆరేసి చొప్పున 18, అడుగుగీతమీద 4, వెరసి 23. పులులు 3, మేకలు 15. అన్నీ పటంమీదికి వచ్చిన తరువాత ఖాళీ కూడళ్లు 5 మాత్రమే.

నియమాలు తెలిసినవే. మేకలను ఒక్కొక్కటిగా పెడుతూ పోతారు. అన్నీ పెట్టేవరకు మేక కదలరాదు. పులి పక్క కూడలికి నడవవచ్చు. లేదా పక్కనున్న మేకమీదుగా, అదే గీతమీద నేరుగా, అవతలి కూడలి ఖాళీగా ఉంటే దూకి ఆ మేకను తీసివేయవచ్చు. పులులు మూడూ కదలలేకపోతే మేకలది గెలుపు. చాలినన్ని మేకలు పోతే పులులది గెలుపు. ఆ ‘చాలినన్ని’ ఎన్ని అన్నది ఊరికొక రకం.

ఇప్పుడు ఒక ప్రశ్న: ఏ కూడలిలో ఉన్న మేకకు అపాయం? మేకను దూకవలెనంటే దానికి ఇరువైపులా ఒకే గీతమీద కూడళ్లు ఉండాలి. గీత చివర నిలిచిన మేకను దూకడం సాధ్యం కాదు. ఈ దృష్టితో చూస్తే కొన, దీర్ఘచతురస్రపు నాలుగు మూలలు, అడుగుగీత రెండు చివరలు, మొత్తం 7 కూడళ్లు పూర్తిగా క్షేమం. నడిమి అడ్డగీత రెండు చివరలు, అడుగుగీత లోపలి కూడళ్లు రెండు, ఈ 4 చోట్ల ఒక్క గీతమీదనే అపాయం. మిగిలిన 12 కూడళ్లలో నిలువునా అడ్డంగా రెండు గీతలమీద అపాయం. మేక ఒకటే, నియమం ఒకటే. కాని అది నిలిచిన చోటునుబట్టి ప్రాణభయం రెండింతలు కావచ్చు, సున్న కావచ్చు.

పులిబలం ఎక్కడ ఉన్నది?

ఇదే లెక్కను పులివైపునుంచి చేయవచ్చు. ఒక పులిని కదలకుండా కట్టివేయడానికి ఎన్ని మేకలు కావాలి? పక్క కూడళ్లన్నీ నిండాలి. దూకడానికి వీలున్న ప్రతి దిక్కునా ఆ వెనుక కూడలి కూడా నిండాలి. దీర్ఘచతురస్రపు మూలలో ఉన్న పులికి పక్క కూడళ్లు 2, వాటి వెనుకవి 2. కాబట్టి 4 మేకలు చాలును. అడుగుగీత లోపలి కూడలిలో అయితే 5. పై అడ్డగీతమీద కొనకు దిగువనున్న నాలుగు కూడళ్లలో చివరి రెంటిలో 6, నడుమ రెంటిలో 7. పటం నడిబొడ్డున, లేదా కొనమీద ఉన్న పులికి 8 మేకలు కావాలి.

అంటే ఒకే పులి ఒకచోట నాలుగు మేకల పెట్టు, ఇంకొకచోట ఎనిమిది మేకల పెట్టు. మూడు పులులూ దూరదూరపు మూలలలో ఉంటే, విడివిడిగా లెక్కిస్తే 12 మేకలతో పని అయిపోతుంది. ఇంకా 3 మిగులుతవి. మూడూ నడుమనే ఉంటే అదే లెక్కన 24 కావాలి, ఉన్నవేమో 15. నిజానికి ఒకే మేక రెండు పులులకు అడ్డు నిలవగలదు, పులులు ఒకదానికొకటి అడ్డుపడగలవు; అందువలన అన్నీ అక్కరలేదు. అయినా విషయం స్పష్టం. పులిబలం పులిలో లేదు. అది నిలిచిన చోటులో, దాని ముందున్న ఖాళీలో ఉన్నది. మేకలవానికి ఉన్న విద్య అంతా పులిని నడుమనుంచి అంచుకు నెట్టడమే. పులివానికి ఉన్న విద్య అంతా నడుమను వదలకపోవడమే.

ఈ ఆటను కల్పించినవారు పులికి అంకె వేసి, మేకకు అంకె వేసి, కూడి సరిచూచినారనుకోవడానికి ఆధారమేమీ లేదు. పటాన్ని, సంఖ్యను, నియమాన్ని కలిపి ఆడి చూచి దిద్దినట్లే కనిపిస్తుంది. పోయిన మేకల లెక్క ఊరికొక తీరుగా ఉండడమే దీనికి గుర్తు. అది మరచిపోయిన నియమం కాదు, తూకపు రాయి. ఆడేవారిలో పులివాడు తరచుగా గెలుస్తూంటే ఆ రాయిని ఒకవైపు జరుపుతారు. మేకలవాడు గెలుస్తూంటే రెండవవైపు జరుపుతారు.

ఈ ఆటలో లోపాలు లేవని కాదు. మేకలు పెట్టే దశ సుదీర్ఘం; ఆ సమయంలో మేకలవానికి తప్పు దిద్దుకొనే అవకాశం తక్కువ. కొత్తగా నేర్చుకొనేవాడు మేకలను పట్టినప్పుడు నడిమి 12 కూడళ్లలోనే పెట్టి, ఆట మొదట్లోనే నష్టపోతాడు. ఇద్దరూ జాగ్రత్తపరులైతే పులి ఒకే రెండు కూడళ్లమధ్య తిరుగుతూ ఆటను సాగదీయగలదు. అయినా ఏ పక్షానికీ భయం లేని క్షణం అందులో లేదు. అదే దాని ప్రాణం.

మూడు పాత మందులు

ఇక పాత్రపోషణ ఆటలవారు వింతజాతులకు చేసిన చికిత్సలను ఈ వెలుగులో పరీక్షించవచ్చు.

1974 నాటి మొదటి పుస్తకాలలోనే ఒక మంచి మాట ఉన్నది. ఆటగాడు దాదాపు ఏ జీవిగానైనా ఆడవచ్చును, కాని బలహీనదశలో మొదలుపెట్టి క్రమంగా పైకి రావాలి. డ్రాగన్‌గా ఉండదలచినవాడు చిన్నవయసు డ్రాగన్‌గా మొదలుపెట్టాలి అన్నది దాని భావం. నల్లమల పులి కావాలన్నవానికి పులిపిల్ల పాత్ర ఇవ్వడమన్నమాట. సూచన సరళమైనది, సహజమైనది. కాని పిల్ల పెరుగుతుంది. పెరిగిన తరువాత ఏమిటన్న ప్రశ్నను ఈ మందు వాయిదా వేస్తుందే తప్ప తీర్చదు. 1979లో వచ్చిన నిర్వాహకుల గ్రంథంలో గైగాక్స్ తానే వెనక్కు తగ్గి, వింతజీవుల పాత్రలను ప్రోత్సహించవద్దని వాదించినాడు.

రెండవ మందు పైకప్పు వేయడం. అదే 1974 నియమాలలో మనుషులకు ఎదుగుదల హద్దు లేదు. మరుగుజ్జు యోధుడు ఆరవ మెట్టుతో, హాబిట్ యోధుడు నాలుగవ మెట్టుతో ఆగిపోవాలి. మొదట్లో వారికిచ్చిన ప్రత్యేకశక్తులకు ఇది చివర్లో కట్టించే సుంకం. సగటున లెక్క సరిపోతుందంటారు. సోమశిలవద్ద కృష్ణ సగటు లోతు మోకాలిబంటి అని ఎవరైనా చెపితే, ఆ మాట నమ్మి నడిచి దాటబోయేవాడు ఉండడు. మొదటి నెలలలో మనుషులకు అన్యాయం, తరువాతి నెలలలో మరుగుజ్జుకు అన్యాయం. ఈ రెంటిని కూడి రెండుతో భాగిస్తే న్యాయం రాదు. పైగా ఆట మధ్యలో ఆగిపోయినట్లయితే సుంకం వసూలే కాదు.

మూడవ మందు మెట్లు కోయడం. 2003లో వచ్చిన సవరించిన మూడవ కూర్పులో శక్తిమంతమైన జాతులకు ఇన్ని మెట్లని వెల కట్టినారు. ‘డ్రౌ’ అనే పాతాళపు ఎల్ఫ్‌కు రెండు మెట్లు. అంటే ఆ జాతివాడు తోటివారు ఐదవ మెట్టులో ఉన్నప్పుడు తన వృత్తిలో మూడవ మెట్టులోనే ఉంటాడు. ఇక్కడ వచ్చిన చిక్కు వేరు. మెట్టు తగ్గితే పాత్ర ఓర్చుకోగల దెబ్బలు కూడా తగ్గుతవి. పదునైన శక్తులున్న పాత్ర ఒక్క దెబ్బకు నేలకూలుతుంది. మేకప్రాణంతో పులిగోళ్లు ఇచ్చినట్లయింది. కూడిక సరిగానే ఉన్నది. జీవి మాత్రం బ్రతకలేదు.

వీటికి తోడు అన్నిటినీ పాయింట్లతో కొనుక్కొనే ఆటలు వచ్చినవి. 1986లో స్టీవ్ జాక్సన్ ప్రచురించిన ‘గర్ప్స్’ వీటిలో పేరుపొందినది. శక్తికి పాయింట్లు ఖర్చు; లోపం ఒప్పుకొంటే పాయింట్లు జమ. ఈత రాదని ఒకడు పాయింట్లు జమ చేసికొన్నాడు. కథ అంతా నీటిచుక్క లేని ఎడారిలో నడిచినది. వానికి ఊరికే సొమ్ము చేరినట్లే. అదే కథ కృష్ణ ఒడ్డున నడిస్తే ఆ లోపం ప్రాణాంతకం. వెల అంకెలో రాసి ఉన్నది. విలువ మాత్రం పటంలో ఉన్నది.

ఎలుగుబంటి ప్రయోగం

ఈ సంగతిని పులి–మేక పటంమీదనే నిరూపించవచ్చు. మేకలలో ఒకదానిని తీసి, దాని స్థానంలో ఎలుగుబంటిని పెట్టినట్లయితే ఏమవుతుంది? ఎలుగు మేకవలెనే నడుస్తుంది. కాని దానిమీదుగా పులి దూకలేదు. నల్లమలకు ఎలుగు కొత్త కాదు. ఈ ఆటకు మాత్రం అది కొత్తజాతి.

పులికి ఎదురుగా మేక నిలిస్తే, దాని వెనుక ఇంకొకటి ఆనుకొని ఉండాలి. ఎలుగు నిలిస్తే వెనుక ఎవరూ అక్కరలేదు. అందువలన ‘ఎలుగు ఒకటి మేకలు రెంటికి సమానం’ అని ఎవరైనా ఇట్టే చెపుతారు. మూలలో ఉన్న పులి విషయంలో ఇది నిజమే: 4 మేకల పని 2 ఎలుగులు చేస్తవి. కొనమీది పులికీ అంతే: 8 మేకల పని 4 ఎలుగులు చేస్తవి. కాని అడుగుగీత లోపలి కూడలిలో 5 మేకల పనికి 3 ఎలుగులు కావాలి. నడిమి అడ్డగీత చివర 4 మేకల పనికి కూడా 3 ఎలుగులు కావాలి. అక్కడ రెండు దిక్కులలో మేకకు ఎలాగూ అపాయం లేదు గనుక ఎలుగు గొప్పతనం అక్కరకు రాలేదు. అంటే ఎలుగు వెల ఒకచోట 2 మేకలు, ఇంకొకచోట ఒకటిన్నరకు కాస్త ఎక్కువ, మరొకచోట ఒకటీ మూడోవంతు. ఏ ఒక్క అంకెతోనూ దీనిని కొనడం అమ్మడం సాధ్యం కాదు.

ఇంకా ముఖ్యమైన సంగతి ఉన్నది. ఒక ఎలుగును చేర్చితే ఆట మారుతుంది. పదిహేను మేకల బదులు పదిహేను ఎలుగులను పెడితే ఆట చస్తుంది. పులికి దూకడానికి ఎవరూ ఉండరు. గెలిచే దారే ఉండదు. చేయగలిగినదల్లా ఓడకుండా తిరగడం. ఇక్కడ రెండు రకాల శక్తుల భేదం కనిపిస్తుంది. అపాయాన్ని తగ్గించే శక్తి ఒకటి. ఆ అపాయాన్ని సమూలంగా తీసివేసే శక్తి ఇంకొకటి. మొదటిదానికి వెల కట్టవచ్చు. ఆ వెల కొంచెం అటూ ఇటూ అయినా ఆట నిలుస్తుంది. రెండవదానికి వెల లేదు. ఎందుకంటే అది ఎదుటివాని నియమాలలో ఒకదానిని కొట్టివేస్తుంది.

పాత్రపోషణ ఆటలలో ఎగిరే జాతులమీద వచ్చిన వివాదమంతా ఇదే. ‘ఆరాకోక్రా’ అనే పక్షిజాతి మొదటి మెట్టునుంచే ఎగురగలదు. గొయ్యి, గోడ, నది, కాపలావాడు, నేలమీది మృగం – కథకుడు కూర్చిన సగం అడ్డంకులు దానికి అడ్డంకులే కావు. రెక్కలకు ఎన్ని పాయింట్లు తగ్గించినా ఫలితం లేదు. కొట్టుకొనిపోయినది పాయింట్లు కాదు, పటమే. ఎగరడాన్ని తీసివేయనక్కరలేదు. కొద్దిసేపే ఎగురగలదనో, బరువు మోస్తే ఎగురలేదనో నిర్ణయిస్తే అపాయం తగ్గుతుంది కాని మాయం కాదు. అపాయానికి మళ్లీ చోటు కల్పించడమే అసలు చికిత్స.

ఇతర దేశాల అనుభవం

ఒక్క నియమం జారిపోతే అసమాన ఆట ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఐరోపాలో ఉన్నది. వృక్షాలకూ జంతువులకూ రెండు మాటల శాస్త్రీయనామాల పద్ధతిని స్థిరపరచిన స్వీడిష్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1732లో లాప్లాండ్‌లో పర్యటించినప్పుడు, అక్కడివారు ఆడే ‘తబ్లుత్’ అనే ఆటను తన దినచర్యలో రాసికొన్నాడు. తొమ్మిది గళ్ల చదరపు పటం. నడుమ రాజు, అతని చుట్టూ 8 మంది భటులు. నాలుగు వైపులా 16 మంది శత్రువులు. రాజు అంచుకు తప్పించుకొని పోవాలి. కోటలో ఉన్న రాజును పట్టడానికి నలుగురు కావాలి. కోటకు దూరంగా వస్తే మిగతావారివలెనే ఇద్దరిమధ్య చిక్కుతాడు. 1811లో ఆ దినచర్య ఇంగ్లీషులో వెలువడినప్పుడు అనువాదంలో ఈ సంగతి తారుమారై, రాజు ఎక్కడ ఉన్నా నలుగురు చుట్టుముట్టాలన్న అర్థం వచ్చినది. దానినిబట్టి ఆడినవారికి రాజుపక్షమే సులువుగా గెలుస్తూ కనిపించినది. పటం మారలేదు, బలగం మారలేదు. ఒక వాక్యం మారినది. తరువాతి పరిశోధకులు మూలాన్ని సరిచూచి తప్పును దిద్దవలసి వచ్చినది.

ఐరోపాలోనే ‘నక్క–బాతులు’ అనే ఆట ఉన్నది. పాతరోజులలో ఒక నక్కకు 13 బాతులుండేవి. తరువాతి రూపాలలో 17 వరకు పెంచినారు. ఇది కూడా ఆడి చూచి దిద్దడమే.

నేపాల్‌లో ఆడే ‘బాఘ్‌చాల్’ పులి–మేకకు దగ్గరి బంధువు. 25 కూడళ్లు, 4 పులులు, 20 మేకలు. ఐదు మేకలు పోతే పులుల గెలుపు. యూ జిన్ లిమ్, యూర్గ్ నీవర్‌గెల్ట్ అనే శాస్త్రజ్ఞులు ఈ శతాబ్దం మొదటి దశకంలో దీనిని కంప్యూటర్ సహాయంతో శోధించి, ఇరుపక్షాలవారూ తప్పు చేయకుండా ఆడితే ఆట సమంగా ముగుస్తుందని తేల్చినారు. సూత్రాలేవీ లేకుండా జానపదులు నిలిపిన తూకం యంత్రపు పరీక్షకు కూడా నిలిచినదన్నమాట. అయితే దీనినిబట్టి కొత్తవారికి కూడా ఆట సమానమని అనుకోరాదు. తప్పు చేయని ఆటగాళ్ల తూకం వేరు, తప్పులు చేసే మనుషుల తూకం వేరు.

ఎన్ని ఆటలు ఆడి చూడాలి?

ఆడి చూడడమే మార్గమైతే, ఎంత ఆడితే చాలును? ఇక్కడ సంభావ్యతాశాస్త్రం ఒక హెచ్చరిక చేస్తుంది. పక్షాలు నిజంగా సమానమే అనుకొని, 10 ఆటలు ఆడితే ఏదో ఒక పక్షం 7 గాని అంతకంటె ఎక్కువ గాని గెలిచే అవకాశం 1024లో 352. అనగా నూటికి సుమారు 34. మూడుసార్లలో ఒకసారి కేవలం అదృష్టంవలననే ఇట్లా జరుగుతుంది. కాబట్టి ‘పదింట ఏడు పులే గెలిచినది, ఆట చెడినది’ అనడం తొందరపాటు. అదే 100 ఆటలలో ఒక పక్షం 70 గెలిచినట్లయితే సంగతి వేరు. సమానమైన ఆటలో ఆ పక్షం అన్ని గెలవడం లక్షకు నాలుగుసార్లకు మించి జరగదు. అప్పుడు నియమంమీద అనుమానపడవచ్చు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. నేర్పరి ఎప్పుడూ పులినే పట్టుకొంటే గెలుపు పులిదో నేర్పుదో తెలియదు. ప్రతి ఇద్దరూ పక్షాలు మార్చుకొని అన్నే ఆటలు ఆడాలి. ఒకేసారి రెండు నియమాలు మార్చరాదు. మారిస్తే ఏ మార్పు ఏ ఫలితమిచ్చినదో చెప్పలేరు. ఇవి ప్రయోగశాలలో విద్యార్థికి నేర్పే సూత్రాలే.

సమానత్వమంటే ఏమిటి?

పులి–మేకకూ పాత్రపోషణ ఆటకూ ఒక పెద్ద భేదం ఉన్నది. మొదటిదానిలో ఇద్దరు శత్రువులు. గెలుపు ఓటములను లెక్కపెట్టవచ్చు. రెండవదానిలో నలుగురూ ఒకే పక్షం. కలిసి గెలుస్తారు, కలిసి ఓడుతారు. కాబట్టి అక్కడ కొలవవలసినది గెలుపు కాదు. వీధిభాగవతంలో వేషం ఎంత గొప్పదైనా, రాత్రంతా తెరవెనుకనే నిలబడవలసి వస్తే ఆ వేషధారికి నష్టమే. అట్లాగే ఒక పూట ఆటలో ఏ పాత్రకు ఎన్నిసార్లు నిర్ణయం తీసికొనే అవకాశం వచ్చినది, ఎవరి నిర్ణయంవలన కథ మలుపు తిరిగినది అన్నదే అక్కడి కొలత. కథ నడిపేవాడు ఒక కాగితంమీద గీతలు పెట్టుకొంటే ఇది కూడా లెక్కకు లొంగుతుంది.

ఈ కొలతతో చూస్తే నల్లమల పులికి వెల కట్టనక్కరలేదు. మూడు ప్రశ్నలు వేస్తే చాలును. దానికి భయపడవలసినదేదైనా మిగిలి ఉన్నదా? దాని తోటివారు మాత్రమే చేయగల పని కథలో ఉన్నదా? దాని లోపం, శక్తి రెండూ ఒకే పూటలో ఎదురవుతున్నవా, లేక ఒకటి ఈనెల, ఇంకొకటి వచ్చేనెలా? అడవిలో దారి పులి చూపాలి. ఊళ్లో మాట మనిషి మాట్లాడాలి. ఈ రెండూ ప్రతి కూర్చోవడంలోనూ రావాలి. మూడు ప్రశ్నలకూ తగిన సమాధానాలు వస్తే ఆ జాతి ఎంత వింతదైనా ఆటలో ఇముడుతుంది. రాకపోతే దానికి ఎన్ని పాయింట్లు కోసినా ప్రయోజనం లేదు.

పాత్రపోషణ ఆటల గ్రంథకర్తలు అర్ధశతాబ్దంగా జాతులకు వెలల పట్టికలు రాస్తున్నారు. మళ్లీ మళ్లీ తిరగరాస్తున్నారు. పట్టికలు పనికిరానివి కావు. మొదటి అంచనాకు అవి ఉపకరిస్తవి. కాని సమానత్వమంటే అందరికీ ఒకే మొత్తమన్న భావంమీద అవి నిలిచి ఉన్నవి. పులి–మేక మరొక భావంమీద నిలిచి ఉన్నది: వేరువేరుగా ఉన్నవారికి వేరువేరు భయాలు, వేరువేరు ఆశలు ఉండాలి, ఎవరి ఆశా వట్టిది కారాదు. ఈ రెంటిలో ఏది గట్టిదో ఒకరు చెపితే నమ్మనవసరం లేదు. 23 కూడళ్ల పటం గీసి, పదిహేను గింజలు, మూడు రాళ్లు, ఎలుగు కోసం ఒక గవ్వ పెట్టుకొని, పక్షాలు మార్చుకొంటూ ఆడి చూచే విద్యార్థికి తానే తెలుస్తుంది.